పాఠం మిగిలింది, రోజులు పోయాయి

మొదటి రోజు గురించి నేను రాస్తున్నది నాకు గుర్తున్నది కాదు. నా విద్యార్థినులూ, నాతో గదిలో ఉండిన సువార్తా చెప్పగా విని, నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నది. జబ్బు గురించి రాసేవాళ్లు సాధారణంగా తమకు ఎలా అనిపించిందో చెబుతారు. నా జబ్బు ముందుగా పట్టుకుపోయింది దాన్నే.

తొంభైలు ముగిసే కాలం. తిరుపతిలో ఒక ప్రైవేటు మహిళా కళాశాలలో నేను సైకాలజీ లెక్చరర్ని. వయసు ముప్పై ఆరు. పెళ్లి చేసుకోలేదు. ఫిబ్రవరి నెల, మొదటి సంవత్సరం వాళ్లకు పాఠాలు అయిపోయి పునశ్చరణ జరుగుతోంది. ఏడాది పొడుగునా చెప్పినదాన్ని పది రోజుల్లో మళ్లీ ఒకసారి చుట్టి రావడం నాకు మొదటినుంచీ ఇష్టం. అవధానం, ప్రత్యక్షం, అభ్యసనం, స్మృతి, ప్రేరణ, ఉద్వేగం, మూర్తిమత్వం. ఒక్కో అధ్యాయానికి ఒక అట్టముక్క, దాని మీద నాలుగు నిర్వచనాలు, రెండు ఉదాహరణలు.

ఆ సోమవారం అభ్యసనం వంతు. బోర్డు మీద 'శాస్త్రీయ నిబంధనం' అని రాసి వెనక్కి తిరిగి, ఎవరో మిరపకాయలు మాడుస్తున్నారు, కిటికీ మూయండి అన్నానట. కిటికీ అవతల ఆటస్థలం తప్ప ఏమీ లేదు. కాసేపటికి చేతిలోంచి సుద్దముక్క జారి పడితే దాని పేరు నోటికి రాలేదట. "ఆ తెల్లది, రాసేది, ఇట్లియ్యి" అన్నానట. ముందు బెంచీల వాళ్లు నవ్వారు. నేనూ నవ్వానని ఒకమ్మాయి తర్వాత చెప్పింది. ఉద్దీపన ఏదీ లేకుండానే కలిగే ప్రత్యక్షాన్ని విభ్రాంతి అంటారని అదే గదిలో నేనే ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. నాకే వచ్చినప్పుడు గుర్తుపట్టలేదు. తలనొప్పి అనుకుని ఇంటికి వెళ్లిపోయాను.

ఇల్లంటే బైరాగిపట్టెడలో ఒక మేడ మీద గది, చిన్న వంటిల్లు. సువార్త తిరుచానూరులో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పని చేసేది. చిత్తూరు దగ్గర పల్లె వాళ్లది. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. ఇంటర్‌తో చదువు ఆపేసిందట. అప్పటికి మేమిద్దరం ఆ గది పంచుకుని రెండేళ్లయిందట. ఈ 'అట'లు మీకు విసుగు పుట్టించవచ్చు. ఆ రెండేళ్లు నా దగ్గర లేవు, అందుకే ఇన్ని 'అట'లు.

సాయంత్రానికి జ్వరం వచ్చింది. వీధి చివరి క్లినిక్‌లో ఇంజెక్షన్ వేసి పంపారు. మంగళవారం నా మాట మారిపోయింది. బియ్యం డబ్బాలో చీర మడిచి పెట్టాను. సువార్తను చూసి "బస్సు ఎన్ని గంటలకు" అని పదిసార్లు అడిగాను. ఇంటి ఓనరమ్మ వచ్చి చూసి, మనసుల గురించి అంతంత చదువులు చదివితే ఇట్లే అవుతుందని, తనకు తెలిసినాయన తాయెత్తు కడతాడని చెప్పింది. క్లినిక్ డాక్టరు మళ్లీ చూసి, టెన్షన్, పరీక్షల ఒత్తిడి, నిద్రపోతే సర్దుకుంటుంది అని మాత్ర రాశాడు. ఆ మాత్రతో ఒక పగలంతా నిద్రపోయాను. అది మాకు పోయిన రోజు.

బుధవారం పొద్దున సువార్త నాకు తల దువ్వుతుండగా ఫిట్స్ వచ్చాయి. ఆమె ఎవరినీ పిలవకుండా, ఎవరినీ అడక్కుండా ఆటో తెచ్చి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, జ్వరం ముందా, మాట తేడా ముందా అని. ఆమె తడుముకోకుండా చెప్పింది.

"వాసన ముందు సార్. సోమవారం మద్దేనం లేని వాసన వచ్చిందని నాతో చెప్పింది. జొరం ఆ సాయంత్రం. మాట తేడా నిన్న. ఫిట్స్ ఇప్పుడు."

ఆ క్రమమే నన్ను బతికించిందని తర్వాత న్యూరాలజిస్టు అన్నారు. సీటీ స్కాన్ తీశారు. వెన్నులోంచి నీరు తీసే లంబార్ పంక్చర్ చేశారు. "ఇది మెంటల్ కాదమ్మా, మెదడుకు ఇన్ఫెక్షన్. ఎన్‌సెఫలైటిస్. రిపోర్టుల కోసం ఆగం, మందు మొదలుపెడతాం" అని సువార్తతో సంతకం పెట్టించుకున్నారు. పేషెంటుకు ఏమవుతారు అన్న చోట ఆమె 'చెల్లెలు' అని రాసింది. ఎనిమిది గంటలకొకసారి అసైక్లోవిర్ ఇంజెక్షన్, మూడు వారాలు.

నాకు నేనుగా గుర్తున్న మొదటి సంగతి బత్తాయి వాసన. అది ఉన్న వాసనే. ఒక అమ్మాయి మంచం పక్కన కూర్చుని బత్తాయి తొనలు ఒలుస్తోంది. తెల్లబట్టలు లేవు గాని నర్సేమో అనుకున్నాను.

"సిస్టర్, మా వాళ్లకు కబురు పంపినారా?" అని అడిగాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. "నేను సువార్తనక్కా" అంది.

అలాగా అన్నట్టు తల ఊపాను. కొత్తవాళ్లు పేరు చెబితే ఎవరమైనా అలాగే కదా ఊపుతాం. ఆమె ఒలిచిన తొన నా చేతిలో పెట్టింది. ఆ మాటే ఆ రోజు నాలుగోసారి చెప్పిందని నాకు తెలియదు.

మాటలు కొంచెం నిలకడగా వచ్చాక న్యూరాలజిస్టు వచ్చారు. నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి. చెట్టు, గొడుగు, రూపాయి, ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి, ఐదు నిమిషాల తర్వాత అడుగుతాను అన్నారు. ఐదు నిమిషాల తర్వాత నాకు మాటలే కాదు, ఆయన అలా అడిగారన్నదే గుర్తులేదు. ఏ సంవత్సరం అంటే రెండేళ్ల వెనకటిది చెప్పాను. అప్పుడాయన ఏం పాఠం చెబుతారని అడిగారు. సైకాలజీ అన్నాను. స్మృతి అంటే ఏమిటో చెప్పమన్నారు. నేను దిండుకు ఆనుకుని కూర్చుని తరగతిలో చెప్పినట్టే చెప్పాను. స్మృతి మూడు దశలు, స్వల్పకాలిక స్మృతి, దీర్ఘకాలిక స్మృతి, విస్మృతికి కారణాలు, పురోగమన అవరోధం, తిరోగమన అవరోధం, ఒక్కొక్కదానికి ఉదాహరణతో సహా. వెంట ఉన్న జూనియర్లు రాసుకోవడం ఆపి నన్నే చూస్తున్నారు.

"పాఠం పోలేదు మేడమ్. పాఠం చెప్పిన రోజులు పోయాయి. కొన్ని రావచ్చు. అన్నీ వస్తాయని నేను చెప్పలేను" అన్నారాయన.

ఆ పరీక్ష సంగతీ, ఆ మాటలూ ఇప్పుడు చెప్పగలుగుతున్నానంటే కారణం, సువార్త వాటిని వెంటనే మందుల చీటీ వెనక రాసుకుంది.

అమ్మా అన్నయ్యా పెనుమూరు దగ్గరి మా పల్లె నుంచి వచ్చారు. వాళ్లను గుర్తుపట్టాను. అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ మూల నిలబడి ఉన్న అమ్మాయిని మాత్రం గుర్తుపట్టలేదు. అన్ని రోజులు నాకు అన్నం తినిపించిన ఆమె అమ్మకు కుర్చీ ఇచ్చి బయటికి వెళ్లింది.

డిశ్చార్జి అయ్యాక అన్న నన్ను ఊరికి తీసుకుపోయాడు. "ఉద్యోగం సంగతి తర్వాత సూస్కుందాం పాపా. ఈడనే ఉండు, నిన్నెవురూ ఏమనరు" అన్నాడు. నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు. అదే ఇబ్బంది. అడిగిందే అడుగుతుంటే వదిన మొదటి వారం ప్రతిసారీ జవాబు చెప్పింది. తర్వాత తల ఊపడం మొదలుపెట్టింది. తర్వాత నేను వస్తుంటే పెరట్లోకి వెళ్లిపోయేది. ఆమెది తప్పు కాదు. ఇద్దరు పిల్లలు, ఆవులు, చెరకు నరికే కాలం. నేను అరుగు మీద కూర్చుని పొద్దు ఎటు వైపు ఉందో చూసి తిన్నానో లేదో ఊహించుకునేదాన్ని. మనిషి ఒంటరితనం చుట్టూ ఎవరూ లేకపోవడం వల్ల వస్తుందనుకునేదాన్ని. ఇంటినిండా మనుషులున్నా, వాళ్లందరికీ నిన్న అనేది ఉంది, నాకు లేదు.

ఆ వేసవిలో మళ్లీ ఫిట్స్ వచ్చాయి. మాత్ర వేసుకున్నానని నేను అనుకున్నాను, వేసుకున్నానని అమ్మతో చెప్పాను కూడా. వేసుకోలేదు. చిత్తూరు ఆసుపత్రిలో రెండు రోజులున్నాం. ఎవరు కబురు చేశారో, సువార్త అక్కడికి వచ్చింది. చేతిలో ఒక గుడ్డసంచి. అందులో నా అట్టముక్కలు, నా నోట్సు, పాత ప్రశ్నపత్రాలు. బియ్యం డబ్బాలో పెట్టిన చీర కూడా ఉతికి తెచ్చింది.

"కాలేజీ తెరిసేదానికి ఇంగా నెల ఉండాది. ప్రిన్సిపాల్ మేడమ్‌ను కలిసి వచ్చినాను. ఒక పాఠం చెప్పి చూపిస్తే ఆలోచిస్తానని చెప్పింది" అంది. ఎవరూ నా ఉద్యోగం గురించి అంతవరకు వెళ్లి అడగలేదు.

అన్న వద్దన్నాడు. నేను వెళతానన్నాను. ఆ అమ్మాయి నాకు ఇంకా కొత్తే, ఆ మాట ఒప్పుకోవాలి. కాని నా చేతిరాతతో ఉన్న సంచి ఆమె దగ్గర ఉంది. నేనెవరో చెప్పే కాగితాలు ఎవరి దగ్గర ఉంటే వాళ్ల వెంట పోయాను.

తిరుపతి గదిలో పునశ్చరణ మొదలైంది. నాకు నిర్వచనాలు వచ్చు. రానిది వరుస. ఏది చెప్పానో, ఏది చెప్పాలో తెలియదు. పది నిమిషాలకొకసారి మొదటికి వచ్చేదాన్ని. సువార్త లాడ్జి డ్యూటీ నుంచి వచ్చి, ప్రశ్నపత్రం పట్టుకుని ఎదురుగా కూర్చునేది. ఆమెకు ఆ మాటలు నోరు తిరిగేవి కావు. నిబంధనం అంటే ఏంటక్కా అని అడిగింది ఒకరోజు. గంట మోగినప్పుడల్లా అన్నం పెడుతుంటే, కొన్నాళ్లకు అన్నం లేకపోయినా గంట వినగానే కుక్కకు నోరూరుతుంది అని పుస్తకంలో ఉన్నది చెప్పాను. ఆమె ఆలోచించి అంది:

"మాకు కౌంటర్ కాడ ఫోన్ మోగితే మొగాన నవ్వు పెట్టుకుంటాం. అవతల మనిషికి మొగం కనపడదు కదా. అయినా నవ్వు వచ్చేస్తాది. ఇంట్లో పక్కోళ్ల ఫోన్ మోగినా వచ్చేస్తాది. అదేనా?"

అదే. పన్నెండేళ్లుగా చెబుతున్న పాఠానికి అంత మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అట్టముక్క మీద రాసుకున్నాను. ఇప్పటికీ పిల్లలకు అదే చెబుతాను.

నెల తిరిగేసరికి కొన్ని పద్ధతులు కుదిరాయి. ఏడు గడుల మాత్రల డబ్బా. మెడలో తాడుకు కట్టిన చిన్న నోట్‌బుక్, పెన్ను. చెప్పేసిన అట్టముక్క ఎడమ జేబులోకి. చీరకు జేబు ఎక్కడిదంటారా, సువార్త నా జాకెట్లకు కాదు గాని ఒక పాత చేతిసంచికి రెండు అరలు కుట్టింది. చెప్పనిది కుడివైపు, చెప్పింది ఎడమవైపు.

డెమో పాఠానికి ప్రిన్సిపాల్ ఇచ్చిన అంశం విస్మృతి. ఆమె కావాలని ఇచ్చిందో, పుస్తకం తెరిచిన చోట అదే ఉందో నాకు తెలియదు. ఆమె వెనక బెంచీలో కూర్చుంది. నలభై మంది అమ్మాయిలు. ఇరవై నిమిషాలు బాగానే సాగింది. తర్వాత తలుపు దగ్గర అటెండరు ఏదో అడిగి వెళ్లాడు. వెనక్కి తిరిగేసరికి నేను ఆ గదిలోకి ఎందుకు వచ్చానో తెలియలేదు. చేతిలో సుద్ద ఉంది, కాబట్టి పాఠం చెబుతున్నానని ఊహించాను. దాచడానికి ప్రయత్నించి ఉంటే అంతటితో అయిపోయేది. "నాకు మెదడుకు జబ్బు చేసింది. పాఠం తెలుసు, యాడ ఆపినానో తెలీదు. చివరి వాక్యం చదవండి" అన్నాను. ముందు బెంచీ అమ్మాయి లేచి నోట్సు చూసి చదివింది. అక్కడినుంచి గంట కొట్టేదాకా చెప్పాను.

ప్రిన్సిపాల్ తన గదికి పిలిచి టైంటేబుల్ ముందు పెట్టుకుంది. సెకండియర్, థర్డియర్ వేరేవాళ్లకు ఇస్తాను, మొదటి సంవత్సరం పేపరు మీరు తీసుకోండి అంది. నాకు మిగిలింది అదే. ఎప్పుడూ అదే పాఠం, ఎప్పుడూ మొదటి అధ్యాయంతో మొదలు. ఇష్టంగానే ఒప్పుకున్నాను. స్టాఫ్ రూములో మాత్రం నా చుట్టూ మాటలు నెమ్మదించాయి. నాతో చెప్పినా నిలవదని కొందరు చెప్పడం మానేశారు. నిలవదు కాబట్టి కొందరు చెప్పకూడనివి చెప్పేశారు.

సువార్త సంగతికి వస్తాను. ఎప్పటికైనా ఒక పొద్దున ఆమెను చూడగానే అంతా తిరిగి వస్తుందని ఎదురుచూశాను. ఆమె కూడా చూసేది. మేమిద్దరం కలిసి వెళ్లామన్న చోట్లకు తీసుకుపోయింది. చంద్రగిరి కోటలో ఒక మెట్టు మీద కూర్చోబెట్టి, ఇక్కడే అక్కా, నీ చెప్పు తెగితే నవ్వినావు అంది. నేను ఆ మెట్టును ఎంతసేపు చూశానో. రాయి రాయిలాగే ఉంది. గుర్తొచ్చిందని అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు.

పుస్తకంలో పునరభ్యసనం అని ఒక అంశం ఉంటుంది. ఒకసారి నేర్చి పూర్తిగా మరిచిపోయినదాన్ని కూడా రెండోసారి నేర్చుకునేటప్పుడు తక్కువ సమయం పడుతుంది. అంటే మరిచిపోయినా అడుగున ఏదో మిగిలి ఉందన్నమాట. నేను ఆ అట్టముక్కను చాలాసార్లు చదివాను. మొదటిసారి ఆమెతో చనువు కుదరడానికి ఏడాది పట్టిందట. రెండోసారి నాలుగు నెలల్లో, తడి తువ్వాలు మంచం మీద వేసిందని ఆమెను గట్టిగా తిట్టాను. ఆమె తువ్వాలు తీయకుండా అలాగే కూర్చుండిపోయింది. బాధపడిందనుకుని క్షమాపణ చెప్పబోయాను. వద్దంది.

"ఇన్నాళ్లు నాతో 'కొంచెం ఇది తీస్తావా' అని మర్యాదగా మాట్లాడినావు. లాడ్జికి వచ్చేవాళ్లు మాట్లాడినట్ల" అంది.

అది మా మంచి రోజుల్లో ఒకటి. దాని తర్వాత ఏడాదికి ఆమె వెళ్లిపోయింది. చిత్తూరులో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో పని దొరికింది, వాళ్లమ్మకు ఒంట్లో బాగుండటం లేదు. ఇవి నిజమైన కారణాలే. కాని సామాన్లు సర్దుతూ ఆమె ఇంకొకటి చెప్పింది. అది నా నోట్‌బుక్‌లో ఆమె మాటల్లోనే ఉంది.

"ఆ రెండేండ్లు నేనొక్కదాన్నే మోసుకుంటా ఉండాను అక్కా. నీకు చెప్తే ఇంటావు. బాగా ఇంటావు, రాసుకుంటావు కూడా. ఎవురో ఇద్దురి కథ ఇన్నట్ల ఇంటావు. ఆడ ఉండింది మనమే అని చెప్పేదానికి నాకు ఇంగొకరు లేరు."

నా ఒంటరితనం గురించే ఆలోచించుకుంటూ ఉండిపోయాను అన్ని రోజులు. మరిచిపోయినవాళ్లకు పోయిందేమిటో తెలియదు. గుర్తున్నవాళ్లకు తెలుసు. బస్టాండు దాకా వెళ్లి చిత్తూరు బస్సు ఎక్కించాను. తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పకుండా నోట్‌బుక్‌లో ముందే రాసుకుని ఉన్నాను. ఆ కాగితం చూస్తూ ఒక్కదాన్నే నడిచి వచ్చాను.

జబ్బు చేసి ఇప్పటికి ఏడేళ్లు. ఫిట్స్ మాత్రలు ఇంకా వాడుతున్నాను. ఆరు నెలలకొకసారి చెకప్. మెదడు తరంగాలు చూసే ఈఈజీ మెరుగ్గా ఉంది. కొత్త సంగతులు వారం నిలుస్తాయి, కొన్ని నెల నిలుస్తాయి. విద్యార్థినుల పేర్లు పరీక్షల నాటికి సగం వస్తాయి, ఆ తర్వాత వాళ్లు వెళ్లిపోతారు. గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆ రెండేళ్ల గురించి సువార్త చెప్పినవి నలభై పేజీలున్నాయి. అప్పుడప్పుడు పునశ్చరణ చేస్తాను. అన్నీ వచ్చు, అడిగితే తడుముకోకుండా చెబుతాను. అది పాఠమే, జ్ఞాపకం కాదు. నెలకొకసారి చిత్తూరు వెళతాను, లేదా ఆమె వస్తుంది. పెళ్లయింది, ఒక పాప. ఆ పాప పుట్టిన రోజు మాత్రం నాకు నోట్‌బుక్ లేకుండానే గుర్తుంది. ఆసుపత్రి వరండాలో వాన పడుతోంది. సువార్తా నేనూ ఇద్దరం చూశాం ఆ వానను.

పోయిన నెల మా కాలేజీలో ఒక లెక్చరర్ వాళ్ల నాయనకు స్ట్రోక్ వస్తే చూడటానికి వెళ్లాను. మంచం చుట్టూ బంధువులు. వచ్చిన ప్రతివాళ్లూ ఆయన మీదికి వంగి, నేనెవురో చెప్పు మామా, నన్ను గుర్తుపట్టినావా, అని అడుగుతున్నారు. ప్రేమతోనే అడుగుతున్నారు. ఆయన ఒక్కొక్క మొహాన్నీ వెతికి వెతికి, చివరికి కళ్లు మూసుకున్నాడు. ఆ కళ్లు మూసుకోవడం నాకు తెలుసు. నేను దగ్గరికి వెళ్లి, "నా పేరు నిర్మల. మీ పాపతో కాలేజీలో పని చేస్తాను. మీరు నన్ను ఒకసారి చూసినారు, గుర్తు లేకున్నా ఏం ఫరవాలేదు" అన్నాను. ఆయన కళ్లు తెరిచాడు. మాట రాలేదు. బాగున్న చేత్తో పక్కనున్న స్టూలు చూపించాడు.

నేను చెప్పగలిగిన సలహా ఇదొక్కటే. తలకు సంబంధించిన జబ్బుతో ఉన్న మనిషిని చూడబోతే పరీక్ష పెట్టకండి. ఎన్నిసార్లయినా సరే, మీ పేరు మీరే చెప్పండి. చెప్పి, పక్కన కూర్చోండి.